ఆయన మీకేమవుతారు

రెండేళ్ళ కాలేజీ అని పేరే గానీ దాన్ని రెండేళ్ళలో దాటిన మనిషిని ఈ ఊళ్ళో తను కళ్ళతో చూడలేదు, తనకే ఆరేళ్ళు పట్టింది, పొద్దంతా పీచ్ పళ్ళ షెడ్డులో బెల్టు ముందు నిలబడి మెత్తబడిన పండు ఏరి పారేయడం, సాయంత్రం జుట్టులోంచి పళ్ళ నూగు దులుపుకుని ఒక క్లాసు, మహా అయితే రెండు, ఆ లెక్క దొరికితే అన్న చెంచో వదిలేవాడా, రెండేళ్ళది నీకు ఆరేళ్ళు పట్టిందంటే నాలుగేళ్ళది పన్నెండేళ్ళు పడుతుందే టీచరమ్మా, నువ్వు బడిలో చేరేసరికి నీ పిల్లలు కాదు, నీ మనవలు వచ్చి నీ క్లాసులో కూర్చుంటారు, అనేవాడు, అది కాదన్నా, ఇక్కడ చదివింది యూనివర్సిటీలో సగం కింద లెక్క, నేరుగా మూడో ఏడులోకి పోతాను, అందుకే దాన్ని ట్రాన్స్‌ఫర్ అంటారు అని మరిక్రూజ్ ఎన్నిసార్లు చెప్పిందో, చెంచోకి మొదటిసారే అర్థమైంది, అర్థం కానట్టు నటించి మళ్ళీ చెప్పించుకోవడం అతనికి సరదా, మూడో ఏడు అనే మాట చెల్లెలి నోట వినడం అతనికి ఇష్టం, ఆ సంగతి ఇప్పుడు తెలుస్తోంది, ఇప్పుడు తెలిసి ఏం లాభం, చెంచో పోయి నాలుగున్నర నెలలైంది, ఇవాళ ఆగస్టు పన్నెండు, మధ్యాహ్నం రెండున్నర, తను కాలేజీ ట్రాన్స్‌ఫర్ ఆఫీసులో గోడ పక్క కంప్యూటరు ముందు కూర్చుని ఉంది, ఐదింటికల్లా అప్పీలు పంపకపోతే మూడో ఏడూ లేదు, యూనివర్సిటీ లేదు, తెర మీద నాలుగో గడిలో ఒక ప్రశ్న ఉంది, మరణించిన వ్యక్తి మీకేమవుతారు, ఆ ప్రశ్న పక్కన చిన్న గీత ఒకటి పావుగంట నుంచి మిణుకుమిణుకుమంటోంది.

సీటు ఇచ్చాం అని ఏప్రిల్ నెలాఖరులో ఉత్తరం వచ్చినప్పుడు అందులో మొదటి మాట ఒక్కటే చదివింది, అభినందనలు, ఆ మాట తర్వాత కళ్ళకి ఏదీ ఆనలేదు, అమ్మ అంపారోకి ఇంగ్లీషు రాదు గానీ ఆ ఒక్క మాట ఎలా ఉంటుందో చూపించమని అడిగి వేలు పెట్టి తడుముకుంది, మర్నాడే ఫ్రేము కట్టించి హాల్లో చెంచో ఫోటో పక్కన, కొవ్వొత్తికి ఇవతల పెట్టింది, నీ చెల్లెలికి వచ్చింది రా నాయనా, నెల రోజులాగి ఉంటే నువ్వే తగిలించేవాడివి గదరా మేకు కొట్టి, అని ఫోటోతో మాట్లాడింది, ఉత్తరం రెండు పేజీలు, ఫ్రేములో ఒకటే పడుతుంది, రెండో పేజీని అట్టకీ మొదటి పేజీకీ మధ్య దోపేసింది అమ్మ, ఉన్నదంతా ఆ రెండో పేజీలోనే ఉంది, దరఖాస్తులో చూపిన క్లాసులన్నీ పూర్తి చేయాలి, అందులో ఏ మార్పు ఉన్నా వెంటనే మాకు తెలియజేయాలి, లేకపోతే సీటు రద్దవుతుంది, మార్పు అప్పటికే జరిగిపోయింది, బుధవారం బుధవారం ఉండే భూగర్భశాస్త్రం ల్యాబుకి నాలుగు వారాలు పోలేదు, మూడు వారాలు చెంచో ఆసుపత్రిలో, ఒక వారం ఇంట్లో పోయినవాడి కోసం తొమ్మిది రోజుల జపమాల ప్రార్థన, ఇక ఎలాగూ తప్పుతాను గదా అని క్లాసు వదిలేసుకుంది, కౌంటరు దగ్గర కుర్రాయన, ఏం పర్లేదండీ, డబ్ల్యూ అని పడుతుంది, మధ్యలో మానేశారని, అంతే, దానికి మార్కుల్లేవు, లెక్కలోకి రాదు అన్నాడు, ఆయన చెప్పింది అబద్ధమేం కాదు, నిజంగానే దానికి మార్కుల్లేవు, టీచరు చదువుకి ఆ క్లాసు అక్కర్లేదు కూడా, అయినా జూలైలో మార్కుల పట్టీ అక్కడికి చేరింది, మీరు చెప్పింది ఒకటి, పట్టీలో ఉన్నది ఒకటి, మాకు చెప్పలేదు, రద్దు చేశాం, కారణముంటే పదిహేను రోజుల్లో అప్పీలు చేసుకోండి, అయ్యో రాత అనుకోవడానికి లేదు, తను చెప్పలేదు, నిజమే, ఏమని చెబుతుంది, మా ఇంట్లో చావొచ్చిందండీ అని ముక్కూమొహం తెలియని ఆఫీసుకి పనిగట్టుకుని రాస్తారా ఎవరైనా, అడగందే అమ్మైనా పెట్టదంటారు, నిజమే గానీ తమ ఇంట్లో చిన్నప్పట్నించీ నూరిపోసింది వేరు, ఆఫీసువాళ్ళు అడిగినదానికి జవాబు చెప్పు, అడగనిది ఒక్క ముక్క చెప్పకు, కాగితం మీద ఎంత తక్కువ ఉంటే అంత మంచిది, ఇల్లు ఇరవై ఏడేళ్ళుగా నిలబడింది ఆ ఒక్క సూత్రం మీదే, ఆ సూత్రమే పోయి పోయి ఇక్కడ కొంప ముంచింది.

ఇల్లంటే ఏమిటి, ముగ్గురు మనుషులు, ముగ్గురిలో ఈ దేశంలో ఉండటానికి కాగితాలున్నది తనొక్కదానికే, ఎందుకంటే తను ఇక్కడ పుట్టింది, ఈ కాలిఫోర్నియా లోయలోనే, ఇక్కడికి నాలుగు వీధుల అవతల, చెంచో ఎనిమిదేళ్ళప్పుడు అమ్మ చెయ్యి పట్టుకుని మెక్సికోలోని మిచోఅకాన్ నుంచి నడిచొచ్చినవాడు, బాప్టిజంలో పెట్టిన పేరు ఫిదెన్సియో అయాలా, ఆ పేరుతో వాడికి ఈ దేశంలో ఒక లైబ్రరీ కార్డు కూడా లేదు, పద్నాలుగేళ్ళకి బాదం తోటల్లో పనికి పోతే కాగితాలేవి అన్నారు, అప్పుడు సొంతూళ్ళోంచి దొరికింది ఒక పేరు, నాన్న వైపు చుట్టం, టెక్సాస్‌లో పుట్టి, మళ్ళీ మెక్సికో పోయి, అక్కడ ట్రాక్టరు బోల్తాపడి చచ్చిపోయినవాడు, రోహెలియో పాంతోహా, పోయినట్టు ఇక్కడ ఎవరూ చెప్పలేదు గనక ఆ పేరు ఖాళీగా పడి ఉంది, చెంచో దాన్ని తొడుక్కున్నాడు, కొంచెం వదులుగా ఉందే, నాకంటే తొమ్మిదేళ్ళు పెద్దవాడు వీడు, అప్పుడే ముసలాణ్ణయిపోయాను, అని నవ్వేవాడు, తోటలో మేస్త్రీ ఆ పేరు పలకలేక రోజర్ అన్నాడు, దాంతో పగలు రోజరు, జీతం కాగితం మీద రోహెలియో, ఇంటికొచ్చి గుమ్మం దగ్గర బూట్లు విప్పాక చెంచో, ఒరేయ్ నీకు మూడు పేర్లురా, రాజులకి ఉంటాయి అన్ని, అనేది అమ్మ, ఇరవై యేళ్ళు అలాగే గడిచింది, కోతల కాలంలో యంత్రం బాదం చెట్టు మొదలు పట్టుకుని ఒక్క ఊపు ఊపేది, కాయలు జలజల రాలేవి, వెనకాల ఊడ్చే బండి నడిపేవాడు చెంచో, మనిషికి మనిషి కనపడనంత దుమ్ము, మొహానికి రుమాలు కట్టుకునేవాడు, ఆ రుమాలు అమ్మ పిండితే నీళ్ళు ఎర్రగా దిగేవి, లోయ జ్వరం ఆ దుమ్ములోనే ఉంటుంది, మట్టిలో పెరిగే బూజు, తన భూగర్భశాస్త్రం పుస్తకంలో దానికి అర పేజీ ఉంది, జనవరిలో దగ్గు, ఫిబ్రవరిలో తలనొప్పి, ఏముందిలే జలుబు అన్నాడు, మార్చి మొదటివారంలో వెలుతురు చూడలేక తల మీద దుప్పటి కప్పుకుంటే ఎత్తి కారులో పడుకోబెట్టి తీసుకుపోయారు, బూజు మెదడు పొరల్లోకి పాకిందన్నారు, అప్పుడు కూడా, మీ మేష్టార్ని అడగవే, ఈ బూజు ఎన్ని లక్షల యేళ్ళదో, పాతదయితే ఏదన్నా గౌరవంగా ఉంటుంది పోవడానికి, అన్నాడు, ఛీ ఊరుకో అంది తను, ఊరుకున్నాడు.

ఎవరో పిలుస్తున్నారు, వాంగ్ మేడమ్, ట్రాన్స్‌ఫర్ సలహాదారు, పొట్టి మనిషి, లావోస్ కొండల నుంచి వచ్చిన మోంగ్ తెగవాళ్ళమ్మాయి, ఆరేళ్ళ నుంచి తన ఫైలు ఆమె చేతిలోనే ఉంది, కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది, అయిందా తల్లీ, ఇంకా అక్కడే ఉన్నావేం, కారణం బానే రాశావు, కుటుంబంలో మరణం అన్నదానికి మించిన కారణం లేదు, దీన్ని వాళ్ళు కాదనరు, నేను పదేళ్ళలో ఒక్కటి కూడా తిరగ్గొట్టడం చూడలేదు, మరణ ధ్రువపత్రం జత చేసి, ఏమవుతాడో రాసి నొక్కేయ్, అంతే, అంటోంది, మరిక్రూజ్ తల ఊపింది, ఆవిడ దగ్గర ఆరేళ్ళలో ఏదీ దాచలేదు, ఇదొక్కటి తప్ప, మేడమ్, బంధువైతే చాలా, అని అడిగింది, ఏ బంధువు, కజినో ఎవరో అనుకోండి, ఊహూ, తల్లి, తండ్రి, భర్త, పిల్లలు, తోడబుట్టినవాళ్ళు, అంతే, కజిన్ని తీసుకోరు, ఎందుకడుగుతున్నావు, పోయింది మీ అన్నే గదా, అవును మేడమ్, మా అన్నే, మరింకేం, కాగితం ఉందా తెచ్చావా, ఉంది, ఒడిలో సంచీ ఉంది, సంచీలో కవరుంది, కవర్లో కౌంటీ ముద్ర వేసిన మరణ ధ్రువపత్రం ఉంది, అందులో రోహెలియో పాంతోహా, నలభై నాలుగేళ్ళు, పుట్టింది టెక్సాస్‌లో, తల్లిదండ్రులు ఎవరెవరో, దగ్గరి బంధువులు లేరు, అని ఉంది, మిచోఅకాన్‌లో ట్రాక్టరు కింద పోయిన పాపానికి ఆ మనిషి రెండోసారి కాలిఫోర్నియాలో జ్వరంతో పోయాడు, తన అన్న మాత్రం కాగితాల లెక్కన ఇంకా పోలేదు, పోవాలంటే ముందు ఉండాలి గదా, దాని పక్కనే చర్చిలో పంచిన చిన్న కార్డు ఉంది, మేరీ మాత బొమ్మ, వెనకాల ఫిదెన్సియో అయాలా, ముప్ఫై ఐదేళ్ళు, పాదిరీగారు ఏమీ అడక్కుండా అసలు పేరు అచ్చు వేయించాడు, ఆయన మంచివాడు గానీ ఆయన కార్డు ఏ ఆఫీసులో చెల్లుతుంది, మేడమ్ ఇంకో విద్యార్థి పిలిస్తే లేచింది, ఐదు దాకా ఆగకు, నాలుగున్నరకి ఆ సైటు మొండికేస్తుంది, అని చెప్పి పోయింది.

రెండు కాగితాలూ ఎదురెదురుగా పెడితే విషయం ఎవరికైనా తెలిసిపోతుంది, రెండూ పెట్టి ఉన్నది ఉన్నట్టు రాసేస్తే, వీడు ఇరవై ఏళ్ళు చచ్చినవాడి పేరుతో బతికాడండీ, బతికిందీ పోయిందీ మా అన్నే, అని, వాడినైతే ఇక ఎవరూ ఏమీ చేయలేరు, కానీ అమ్మ, అమ్మకి ఈరోజుకీ ఒక కాగితం లేదు, ఆసుపత్రి గుమస్తా ముందు వీడు రోహెలియో, మా ఇంట్లో అద్దెకుంటాడు అని వేలిముద్రలాంటి సంతకం పెట్టింది అమ్మే, నిన్న చెప్పనే చెప్పింది, నీ చదువు కోసం నన్ను ఏ గోడ దూకమన్నా దూకుతానే, ఆ పేరు మాత్రం కదపకు, ఆ పేరు కదిపితే ఇల్లు కదులుతుంది, అని, చెప్పి, చెప్పినందుకు అమ్మే కుమిలిపోయింది, మొక్కజొన్న పోసోలే పొయ్యి మీద మాడిపోతున్నా లేవలేదు, దానికెందుకమ్మా ఏడుస్తావు, ఇంకో ఏడు ఇక్కడే చదువుతాను, మళ్ళీ పెట్టుకుంటాను అంటే, నేను దానికి ఏడవట్లేదు, వాడు పోతూ పోతూ నిన్ను గుర్తుపట్టకుండా పోయాడు, అది తలుచుకుని ఏడుస్తున్నాను, నన్ను గుర్తుపట్టకపోయినా బాగుండేది, నిన్ను చంకనేసుకుని పెంచినవాడు, నిన్ను ఎవత్తెవో అనుకుని పోయాడు గదే, అంది, రోజూ అనే మాటే, రోజూ కొత్తగానే తగులుతుంది, నాలుగున్నర నెలలుగా సీటు వచ్చినప్పుడూ అదే, సీటు పోయినప్పుడూ అదే, లోపల ఎక్కడో అదొక ముల్లులా అలాగే ఉంది, వాడికి నేను గుర్తు రాలేదు, ముప్ఫై ఐదేళ్ళ బతుకులో ఇరవై ఏడేళ్ళు నన్ను చూశాడు, చివరిసారి చూసి ఎవరో అన్నాడు.

మీకేమవుతారు, గీత మిణుకుమంటూనే ఉంది, ఈ ప్రశ్న తను ఇంతకు ముందు ఒకసారి విన్నది, ఇదే ప్రశ్న, చక్రాల బల్ల మీద కంప్యూటరు తోసుకుంటూ వచ్చింది ఆసుపత్రిలో ఇంకో గుమస్తా, మెళ్ళో గుర్తింపు కార్డు తిప్పేసుకుని ఉంది, చెంచోని ఆసుపత్రికి తెచ్చిన మూడో వారం, అమ్మ కింద క్యాంటీనుకి పోయింది, గదిలో తనూ వాడూ, వాడు కళ్ళు మూసుకుని పడుకుని ఉన్నాడు, ముక్కులో గొట్టం, గుమస్తా పేషెంటు పేరు చదివింది, రోహెలియో పాంతోహా, ఆయన మీకేమవుతారమ్మా, అంది, మామూలుగానే అడిగింది, అడిగినదానికే జవాబు చెప్పు అన్న సూత్రం ఉంది గదా, ఆ సూత్రానికి ఆ పూట నోట్లోకి వచ్చింది ఒక్కటే, అయాలా అనే ఇంటిపేరున్న కాలేజీ కార్డు తన మెళ్ళో వేలాడుతోంది, చెల్లెల్ని అంటే పేర్లు కలవవు, ఎందుకు కలవవు అంటారు, అది అమ్మ దాకా పోతుంది, తన యూనివర్సిటీ దరఖాస్తు దాకా పోతుంది, అవును, ఆ క్షణంలో అది కూడా తట్టింది, ఎందుకు అబద్ధం, ఆ దరఖాస్తు తట్టింది, ఏమీ కాడండీ, పక్కింటివాళ్ళం, అంది, పక్కింటి అమ్మాయా, ఆఁ, పక్కింటి అమ్మాయినే, చూసుకోవడానికి ఎవరూ లేరని వచ్చాను, ఎంత బాగా అబద్ధమాడిందో, గొంతు కూడా తడబడలేదు, గుమస్తా అయ్యో పాపం మంచి పిల్లవమ్మా అని టకటకా కొట్టుకుని బల్ల తోసుకుంటూ పోయింది, తను కాసేపు అన్న మొహం చూసింది, నిద్రపోతున్నాడు, హమ్మయ్య నిద్రపోతున్నాడు అనుకుంది, ఆ మాట ఎవరికీ చెప్పలేదు, అమ్మకి కూడా, తనకి తను కూడా ఇంతవరకు చెప్పుకోలేదు.

ఆ మర్నాడే గదా నర్సు వచ్చింది, స్పానిష్ వచ్చిన నర్సు, అమ్మ కూడా అక్కడే ఉంది, పొద్దున్నే తెలివి పరీక్ష చేస్తారు వాళ్ళు, మెదడు జ్వరం గనక రోజూ చేస్తారు, నీ పేరు చెప్పయ్యా అంది, రోహెలియో పాంతోహా అన్నాడు, ఇది ఏ సంవత్సరం, చెప్పాడు, సరిగ్గానే చెప్పాడు, ఏ నెల, మార్చి, బాదం పూత అయిపోయిందా అని ఎదురు అడిగాడు, నర్సు నవ్వింది, మరి ఈ అమ్మాయెవరో చెప్పు చూద్దాం, అంది తనని చూపించి, చెంచో తన వంక తల తిప్పాడు, తిప్పడానికి ఎంతసేపు పట్టిందో, చూశాడు, పక్కింటి పిల్ల, అన్నాడు, మంచి పిల్ల, టీచరవుతుంది, అన్నాడు, కళ్ళు మూసుకున్నాడు, అమ్మ నోట్లో రుమాలు కుక్కుకుని బయటికి పోయింది, ఇంకో రెండు రోజులున్నాడు గానీ మళ్ళీ మాట లేదు, అదే ఆఖరు, అందరూ బూజు తలకెక్కింది అన్నారు, తనూ అదే అనుకుంది, నాలుగున్నర నెలలు అదే అనుకుంది, మరి పేరు, మతి తప్పినవాడు ఏ పేరు చెబుతాడు, అమ్మ పెట్టిన పేరు చెబుతాడు, చెంచో అంటాడు, ఫిదెన్సియో అంటాడు, ఎవడిదో పేరు తప్పు లేకుండా ఇంటిపేరుతో సహా చెబుతాడా, సంవత్సరం తెలుసు, నెల తెలుసు, పూత తెలుసు, టీచరవుతానని తెలుసు, పక్కింటి పిల్ల టీచరవుతుందని వాడికి ఎవరు చెప్పారు, తెర మీంచి తల ఎత్తింది, గోడ మీద కాలేజీల జెండాలు, ఎర్రవీ నీలివీ, వరసగా ఉన్నవి ఒకదానిలో ఒకటి కలిసిపోయి కనపడుతున్నాయి, ఎవరో మంచినీళ్ళు తెమ్మంటున్నారు, మేడమ్ అనుకుంటా, ఏం తల్లీ, ఏమైంది, అంటోంది, ఏం లేదు మేడమ్, ఒక్క నిమిషం, అని నాలుగో గడిలో మా అన్న అని కొట్టింది, పేరు అన్నచోట ఫిదెన్సియో అయాలా అని కొట్టింది, ఇంగ్లీషు కాగితం మీద ఆ పేరు ఉండటం ఇదే మొదటిసారి, ధ్రువపత్రం జత చేయండి అన్నచోట ఏమీ పెట్టలేదు, కవరు సంచీలోనే ఉంది, మేడమ్ భుజం మీదుగా చూసి, కాగితం పెట్టలేదే, ఇలా పంపితే తిరగ్గొడతారమ్మా, ఇది తేలిగ్గా నెగ్గేది, చేతులారా పోగొట్టుకుంటావా, అంది, తెలుసు మేడమ్, అని నొక్కేసింది, పోతే పోయింది సీటు, ఇంకో ఏడు ఇక్కడే, భూగర్భశాస్త్రం మళ్ళీ మొదట్నించీ, బుధవారాలు, చేస్తుంది, చేయలేనిది అది కాదు, ఇంటికి పోయి అమ్మ ముందు కూర్చుని, అమ్మా, నీ కొడుక్కి చివరిదాకా తెలివుంది, ముందురోజు వాడు నిద్రపోలేదు, నేనన్న మాట విన్నాడు, విని నా మాట అబద్ధం కాకుండా తనూ అదే చెప్పాడు, నన్ను బాగా గుర్తుపట్టే పక్కింటి పిల్లనన్నాడమ్మా, అని చెప్పాలి.